సున్నా అని రాసిన గిన్నె

ఇన్‌క్యుబేటర్ తలుపు మూసి, రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందో లేదో అరచేత్తో నొక్కి చూసి, టైమరు తిప్పి పెట్టి, ఆమె స్టూలు మీద కూలబడింది. ఇక చెయ్యడానికేమీ లేదు. మూతలున్న రెండు చిన్న గాజు గిన్నెలు, ఒకటి పాపది, ఒకటి సున్నాది, ఆ వెచ్చటి చీకట్లో పక్కపక్కనే ఉన్నాయి, రెండింట్లోనూ ఎర్రగా మెరిసే రంగు అద్దిన కొలెస్ట్రాల్ పొట్లాలు పోసింది, వాటిని కణాలు లోపలికి తీసుకుంటాయా తీసుకోవా అన్నది ఇక కణాల ఇష్టం, జుట్టు నెరిసేదాకా ఈ పనే చేసినా ఈ ఒక్క ఘడియ మాత్రం ఎప్పుడూ తన చేతిలోకి రాలేదు. సెలవు రోజు మధ్యాహ్నం, భవనమంతా ఖాళీ, వరండా చివర మంచినీళ్ళ యంత్రం ఉండుండి గుటక వేస్తోంది, ఎవరో మర్చిపోయిన గొడుగు తలుపు పక్కన తలవంచుకుని నిలబడింది. ల్యాబులో కుర్రకారు ఆమెను కణాలమ్మ అంటారు, నిన్న సాయంత్రం సంచులు సర్దుకుంటూ, కణాలమ్మగారూ, మీకేం, సెలవుల్లోనూ ఇంటినిండా పిల్లలే అని నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళు వెళ్ళాక దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతూ వస్తుంటే ఎందుకో ఆ నవ్వు ఇంకా మొహానికి అతుక్కునే ఉందని తెలిసింది.

పాపని చూసింది ఒక్కసారే. పిల్లల గుండె డాక్టరు గది బయట బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుంది, ఎనిమిదేళ్ళుంటాయేమో, మోకాళ్ళ మీద, మోచేతుల మీద పసుపుపచ్చని కాయలు, వాళ్ళమ్మ గౌను అంచు కిందికి లాగి మోకాళ్ళు కప్పుతోంది, పాప మళ్ళీ పైకి లాగేస్తోంది. ఆ కాయలు ఈమె ఎరిగినవే. పాపకి రెండంతస్తులు ఎక్కితే ఛాతీ పట్టేస్తోందట. జన్యువు చదివించారు, ఇంతవరకు ఎవరిలోనూ చూడని మార్పు ఒకటి కనిపించింది, దానివల్ల కణంలోకి కొవ్వు వెళ్ళే తలుపు పూర్తిగా లేకుండా పోయిందా, ఉండీ బిగుసుకుపోయిందా అన్నది ఆ చదువులో తేలలేదు. కాస్తయినా తెరుచుకునే తలుపుంటే మందులు పనిచేస్తాయి, ఉన్న ఆ కాస్తని పెంచే ఇంజెక్షన్లున్నాయి. అసలే లేకపోతే కాలేయం మార్చడం దాకా వెళ్ళాలి, అంత చిన్న ఒంటికి అంత పెద్ద కోత. రేపు పొద్దున డాక్టర్లంతా కూర్చుని తేల్చుకుంటారు. అందుకే పాప ముంజేతి మీద గోరంత చర్మం తీసి ఇక్కడికి పంపారు, ఆమె దాన్ని పెంచింది, పెరిగిన కణాలకి రెండురోజులు కొవ్వులేని తిండి పెట్టి మాడ్చింది, ఆకలేస్తేనే కణం చేతులు బయటికి చాస్తుంది. కడుపు నిండినవాడు చెయ్యెందుకు చాస్తాడు.

ఆ తలుపుని రిసెప్టర్ అని రాస్తారు పుస్తకాల్లో, ఆమెకి మాత్రం మొదట్నించీ అది చెయ్యే. నూనె నీళ్ళలో కలవదు కదా, రక్తంలో కొలెస్ట్రాల్ కూడా అంతే, అందుకని దాన్ని పొట్లం కట్టి పంపుతుంది ఒళ్ళు, పొట్లం మీద ఒక గుర్తు, ఆ గుర్తుని పట్టుకునే చెయ్యి కణం గడప మీద. పట్టుకోగానే గడప అక్కడ గుంటపడి, పొట్లంతో సహా లోపలికి మడుచుకుపోతుంది, లోపల పొట్లం విప్పుకుని సరుకు దించుకుంటారు, చెయ్యి మళ్ళీ గడప మీదికి వచ్చి నిలబడుతుంది, ఇంకోటి కోసం, ఇంకోటి కోసం, విసుగనేది లేదు దానికి. సరుకు సరిపోయిందనుకుంటే లోపలి వంట ఆపేస్తుంది కణం, చేతులు కూడా వెనక్కి తీసుకుంటుంది. ఎంత పద్ధతైన సంసారం. ఆమె కణాలకి ఉండాల్సిన చేతుల్లో సగమే ఉన్నాయి, అమ్మ దగ్గర్నుంచో నాన్న దగ్గర్నుంచో వచ్చిన వాటాలో ఒకటి చెడింది, రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటుంది, దానితో నెట్టుకొస్తోంది. తమ్ముడికి రెండు వాటాలూ చెడ్డవే వచ్చాయి. అమ్మకీ నాన్నకీ ఉన్న లోపం ఇద్దరి దగ్గర్నించీ ఏరి కోరి తెచ్చుకున్నట్టు.

వెన్నముద్ద అని పిలిచేది అమ్మ వాణ్ణి. పుట్టినప్పుడు అంత తెల్లగా, మెత్తగా ఉండేవాడు. తర్వాత మోచేతుల మీద ఆ పచ్చటి కాయలు లేచాయి, మడమ వెనక నరం తాడులా దళసరెక్కింది, డాక్టరు రక్తం చూసి కొవ్వు, కొవ్వు అన్నాడు, ఆ రోజునుంచి అమ్మ వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు. ఇంట్లో నూనె లేదు, వెన్న లేదు, గుడ్డు లేదు, అన్నీ ఉడకబెట్టినవే, వాడితోపాటు అందరికీ అవే. అయినా కాయలు పెరిగాయి. పెరిగితే ఏమనుకోవాలి? దొంగతనంగా తింటున్నాడనుకున్నారు. అమ్మ వాడి జేబులు వాసన చూసేది, వంటింటికి తాళం పెట్టి తాళంచెవి ఈమె చేతికిచ్చేది, ఈమె దాన్ని మెళ్ళో వేసుకుని పోలీసులా తిరిగేది. "నేను తినలేదే అక్కా, నీ మీదొట్టు" అనేవాడు, "నా మీద ఒట్టు పెట్టి మరీ తింటున్నావా" అనేది. తినలేదు వాడు. నిజంగా తినలేదు. ఆ సంగతి పెద్దాయన చెప్తే తెలిసింది, అప్పటికి చెప్పుకోవడానికి వాడూ లేడు, అమ్మా లేదు. "చూడమ్మా, ఈ కణానికి చేతులు లేవు. బయట రక్తం నిండా పొట్లాలే, దీనికి ఒక్కటీ అందదు. అందక, లోకంలో కరువొచ్చిందనుకుని లోపల తనే వండుకుంటుంది, రాత్రీ పగలూ వండుతూనే ఉంటుంది. అటు కాలేయమూ అంతే, పొట్లాలు కట్టడమే గానీ వెనక్కి తీసుకునే దిక్కులేదు. తిండి మానిపిస్తే ఇది ఆగుతుందా?" అన్నాడాయన, ఆమె అలా మైక్రోస్కోపు మీదికి వంగే ఉంది, తల ఎత్తితే ఆయన మొహం చూడాలి.

పెద్దాయన అంటే ఈ ల్యాబు పెట్టిన మనిషి. తమ్ముడి చర్మం తీసింది ఆయనే. మోచెయ్యి దగ్గర గోరంత, చిన్న గుండ్రటి కత్తితో, వాడు ఈమె చెయ్యి గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, అప్పుడు కూడా నోరు ఊరుకోలేదు, "నా తోలు వలిచి చెప్పులు కుట్టించినా నీ రుణం తీరదంటారు కదక్కా, ఇదిగో, మొదలెట్టేశారు, నీ కాలి సైజు చెప్పు ఈయనకి" అన్నాడు, పెద్దాయన కత్తి పక్కన పెట్టి నవ్వేశాడు. వాడు పోయాక ఈమె ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ చర్మం ఏం చేశారండీ అని అడిగింది. ఏమనుకుని అడిగిందో ఇప్పటికీ తెలియదు, తిరిగి తెచ్చుకుందామనా, మట్టిలో పెడదామనా. ఆయన స్టూలు జరిపి, అద్దం సరిచేసి, చూడమన్నాడు. పొడుగ్గా, సన్నగా, కొసలు తేలి, పారే నీళ్ళలో గడ్డిలా ఒకే వైపుకి ఒరిగి, వాడు. బతికే ఉన్నాడు. రేపు రెండింతలవుతాడు అన్నాడాయన. మర్నాటినుంచి గాజుసామాను కడిగే పనిలో చేరింది, తర్వాత కణాల పని నేర్చుకుంది, ఇక ఎక్కడికీ పోలేదు.

టైమరు టిక్కుటిక్కుమంటోంది. లేచి ఇన్‌క్యుబేటర్ దాకా వెళ్ళి, అంకె చూసి, తెరవకుండా తిరిగొచ్చింది, తెరిస్తే వెచ్చదనం పోతుంది. మైక్రోస్కోపులు బాగుచెయ్యడానికి ఏడాదికోసారి వచ్చే మనిషి ఉండేవాడు, కటకాలు తుడిచేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు, టీ పూర్తిగా తాగకుండా అడుగున కాస్త వదిలేసేవాడు. ఒకసారి పని అయిపోయాక కూడా కూర్చున్నాడు. తనకి వేరే ఊళ్ళో పని దొరికిందని, రమ్మని అడిగాడు. కణాలకి రెండురోజులకోసారి తిండి మార్చాలండీ, ఎవరు చూస్తారు అంది ఈమె. "వాటిని చలిపెట్టెలో పెట్టి రా. అవి ఉంటాయి చలిలో. నేనుండలేను" అన్నాడు. ఎంత బాగా అడిగాడు. ఆమెకు ఇష్టమే, ఆ మాట ఇప్పుడు అనుకోవడానికి సిగ్గేమీ లేదు, చాలా ఇష్టం, కానీ చెయ్యి చాచలేకపోయింది, అంతే, చాచి ఉండాల్సింది. మరుసటి ఏడాది వేరే కుర్రాడు వచ్చాడు, టీ అడుగంటా తాగేశాడు.

తమ్ముడి కణాలని సున్నా అనడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. ఏ పరీక్షలో పెట్టినా ఒక్క పొట్లం కూడా తీసుకోని కణం, కొలతలో ఎప్పుడూ సున్నాయే, అందుకని కొత్తగా వచ్చినవాళ్ళెవరో ఆ పేరు పెట్టారు, సున్నాని లేపారా, సున్నా బాగుందా అనేవాళ్ళు, ఆమెకు కోపం రాలేదు, సున్నా లేకపోతే ఏ లెక్కా నిలబడదు. పక్కన వాడుంటేనే మిగతావాళ్ళ మెరుపు నిజమో కాదో తెలుస్తుంది, వాడి గిన్నె చీకటిగా ఉండి ఇంకొకరి గిన్నె మెరిస్తే అప్పుడు నమ్మచ్చు. పెద్దాయన కూడా పోయాక, సున్నా ఎవరో తెలిసిన మనిషి ఈమె ఒక్కతే మిగిలింది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, భోజనాల బల్ల దగ్గర, ఎవరిదో పుట్టినరోజు కేకు కోసేటప్పుడు, మింగేసింది. చెప్తే జాలిపడతారు, జాలిపడి ఆ ఫ్లాస్కుని ఇంకొకరికి అప్పగిస్తారు.

చెయ్యకూడని పని ఒకటి చేసింది. ద్రవ నత్రజని తొట్టిలో గడ్డకట్టి ఉంచితే వాడికి కాలం లేదు, వందేళ్ళయినా అలాగే ఉంటాడు. కానీ గడ్డకట్టి ఉంటే కనపడడు కదా. వాడి పుట్టినరోజుకి ఒక సీసా కరిగించేది, అవసరమేమీ లేకుండానే, ఊరికే చూడాలనిపించి. తర్వాత తర్వాత పుట్టినరోజుకి ఆగలేదు, వానపడ్డ ఆదివారాలూ, జ్వరం తగిలి లేచిన రోజులూ. కరిగించి, తిండి పెట్టి, రెండుగా, నాలుగుగా చేసి, మళ్ళీ గడ్డకట్టించి దాచేది, అమ్మయ్య, తగ్గలేదు, సీసాలు అన్నే ఉన్నాయి అనుకునేది. సీసాలు తగ్గలేదు, వాడు తగ్గాడు. మనిషి చర్మకణం ఇన్నిసార్లే రెండవుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది, ఆ పాఠం ప్రతి ఏడూ కొత్తవాళ్ళకి తనే చెప్తుంది, చెప్తూ చెప్తూనే తను చేసింది అదే. ముద్దొచ్చినప్పుడల్లా ఎత్తుకుని ఎత్తుకుని పిల్లాణ్ణి నలిపేసినట్టు. ఒక్కో సీసా లేవడం మానేసింది. పాప కోసమని మొన్న కరిగించింది ఆఖరిది, కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది, గడ్డిపోచల్లా ఉండేవి వెడల్పుగా, బద్ధకంగా, పరుపు మీద వాలినట్టు పరుచుకుని ఉన్నాయి. వేరే ల్యాబునుంచి ఇలాంటి కణాలు తెప్పించాలంటే నెలలు పడుతుంది, పాపకి నెలలు లేవు.

ముసలి కణంతో ఇంకో చిక్కుంది. వయసు మీదపడ్డ కణంలో కరగని మురికి పేరుకుంటుంది, ఇనుముకి తుప్పులా, ఆ తుప్పు మైక్రోస్కోపు దీపం కింద తనంతట తనే మెరుస్తుంది. పొట్లం తీసుకోకపోయినా తీసుకున్నట్టే కనిపిస్తుంది. ఇవాళ సున్నా గిన్నె మెరిస్తే, పాప గిన్నెలో మెరుపుకి విలువేముంది? తన ఒంటరితనం కోసం వాణ్ణి అరగదీసి, ఆ అరుగుదల తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టవుతుంది.

వాడు బస్సులో పోయాడు. పంతొమ్మిదో ఏడు. బస్సు అందుకోవడానికి పరిగెత్తాడట, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, తల చువ్వలకి ఆనించాడు. నిద్రపోతున్నాడనుకున్నారు. చివరి స్టాపు దాకా వెళ్ళాడు, దిగమని కండక్టరు భుజం తట్టేదాకా ఎవరూ తట్టలేదు. ఆ ప్రయాణంలో వాడి పక్కన ఎవరైనా కూర్చున్నారా అని ఆమె ఎన్నేళ్ళు ఆలోచించిందో. చేతులు పట్టుకోని పొట్లాలు రక్తంలో తిరిగి తిరిగి గుండె రక్తనాళం గోడలోకి దూరతాయి, వాటిని శుభ్రం చేద్దామని తెల్లకణాలు వస్తాయి, పాపం వాటికి చాలు అనే మాట తెలియదు, తిని తిని నురగలా ఉబ్బి అక్కడే చచ్చిపోతాయి, వాటి మీద ఇంకొన్ని, పైన పలచటి పొర, ఒక రోజు పరుగెత్తినప్పుడు ఆ పొర చిట్లుతుంది, దెబ్బ తగిలిందేమోనని రక్తం గబగబా గడ్డకట్టి మూసేస్తుంది. చూస్తే ఎవరి తప్పూ లేదు, అందరూ మేలు చెయ్యబోయినవాళ్ళే, అమ్మ తాళం వేసింది, తను కాపలా కాసింది. చిన్నప్పుడు ఎత్తు కొలుచుకునేవాళ్ళు తలుపుకి ఆనుకుని, ఆమె ఎప్పుడూ రెండు వేళ్ళు ఎక్కువుండేది, వాడు ఉడుక్కునేవాడు, "ఉండు, పెద్దయ్యాక నేనే నీకు అన్నయ్యనవుతా. అప్పుడు నువ్వే నన్ను అన్నయ్యా అని పిలవాలి." "అప్పటికి నేనూ పెరుగుతాగా, వెర్రి మొహమా." "నువ్వు పెరగడం ఆపేస్తావు, చూస్తూండు." ఆపింది వాడు.

టైమరు మోగింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, గిన్నెలు తీసింది, తిండి కలిపిన మీడియం వంచింది, చల్లని ఉప్పునీళ్ళతో కడిగింది, మళ్ళీ కడిగింది. ఇప్పుడు ఫార్మలిన్ పొయ్యాలి. కణాలు ఉన్నవి ఉన్నట్టు బిగుసుకుపోతాయి, అప్పుడే మెరుపు చెదరకుండా కనిపిస్తుంది, ల్యాబులో దాన్ని ఫిక్స్ చెయ్యడం అంటారు, చంపడం అనే మాట ఎవరూ వాడరు. ముందు పాప గిన్నెలో పోసింది. పాపవి ఇంకా ఉన్నాయి, పాపే ఉంది. సున్నా గిన్నె ముందు పిపెట్ ఆగింది. ఇది పోస్తే వాడిది ఈ లోకంలో ఊపిరున్నది ఏదీ మిగలదు, తొట్టిలో లేదు, ఫ్లాస్కులో లేదు. పాప గౌను అంచు పైకి లాక్కోవడం గుర్తొచ్చింది, ఆ మొండితనం. "కదలకురా, ఒక్క క్షణం" అంది పైకే, వాడి చర్మం తీసిన రోజు చెప్పినట్టే, పోసేసింది.

చీకటి గదిలో మైక్రోస్కోపు దీపం వేడెక్కేదాకా నిలబడింది. ముందు పాపది. అద్దం తిప్పగా తిప్పగా చీకట్లోంచి తేలాయి, ప్రతి కణం నడుమా చుట్టూ ఎర్రటి చుక్కలు, ఎక్కువేం లేవు, పలచగా, గుప్పెడు. తర్వాత సున్నాది. కళ్ళు ఆనించింది. మెరుస్తోంది. ఎర్రటి చుక్కలు, అవే, వాడిలో, ఇన్నేళ్ళూ ఒక్క పొట్లమైనా అందుకోనివాడు అందుకున్నాడు, తీసుకున్నాడు, అమ్మా చూడవే, తీసుకున్నాడు, తాళం తియ్యి. చెయ్యి రంగులు మార్చే ఫిల్టరు చక్రం మీదికి వెళ్ళి ఆగిపోయింది. రంగు అద్దిన పొట్లమైతే ఎరుపులోనే కనిపిస్తుంది, ఆకుపచ్చలోకి తిప్పితే మాయమవుతుంది. తుప్పైతే ఏ రంగులో చూసినా అలాగే మెరుస్తుంది. ఒక్క మెట్టు తిప్పితే తెలిసిపోతుంది. తిప్పకపోతే వాడు తీసుకున్నట్టే. తిప్పకుండా ఎంతసేపుందో, కళ్ళలో నీళ్ళొచ్చి చుక్కలన్నీ కలిసిపోయాయి, అప్పుడు కళ్ళు తుడుచుకుని తిప్పింది.

పోలేదు. ఆకుపచ్చలోనూ అలాగే మెరుస్తున్నాయి. తుప్పే. గిన్నె మార్చి పాపది పెట్టింది, అదే ఫిల్టరు, అంతా చీకటి, ఒక్క చుక్క లేదు. అంటే పాపలో ఎర్రగా కనపడింది తుప్పు కాదు, మరకా కాదు, పొట్లాలే, ఆ పిల్ల చెయ్యి చాచి పట్టుకున్నవే. మళ్ళీ ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ, ముమ్మారు చూసుకుని, డాక్టరుకి ఫోన్ చేసింది.

"ఉందండీ. కొంచెమే, కానీ ఉంది. తలుపు తెరుచుకుంటోంది."

అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "సున్నా సరిగ్గానే వచ్చింది కదమ్మా? ఆ కణాలు పాతబడ్డాయన్నారు మీరు."

"సరిగ్గానే వచ్చింది. వయసు మెరుపు ఉంది, దాన్ని విడిగా చూసుకున్నాను. పొట్లం ఒక్కటీ తీసుకోలేదు." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "డాక్టరుగారూ, ఆ సున్నా మా తమ్ముడండీ."

ఆయన చాలా నెమ్మదిగా, "ఇప్పుడు మీ దగ్గరెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు. ఉన్నారండీ అని చెప్పి పెట్టేసింది.

దీపం ఆర్పాలి, ఎక్కువసేపు ఉంచితే మెరుపు మాసిపోతుంది. ఇంకొక్కసారి సున్నా గిన్నె పెట్టి చూసింది. బుగ్గ మీద గీత పడకముందే పోయినవాడు, ఇక్కడ ఈ గిన్నెలో ఆమె పెట్టింది తిని, ఆమె లేపినప్పుడల్లా లేచి, ఒంటినిండా వయసు తెచ్చుకున్నాడు, వెడల్పుగా, నిదానంగా, తనకంటే ఎంతో ముందు పుట్టినవాడిలా కూర్చున్నాడు. అన్నంత పనీ చేశాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది, కళ్ళు అద్దాల నుంచి తియ్యకుండానే, "అన్నయ్యా" అని పిలిచింది. వరండా చివర మంచినీళ్ళ యంత్రం గుటక వేసింది, ఆమె చెయ్యి చాచి దీపం ఆర్పింది.